మనిషిని చూడొద్దు

తెర మీద ప్రోగ్రామ్‌లో ఆ ఒక్క వరస కనిపించగానే ఇంజినీరు గుండె గుభేలుమంది.

'మనిషిని చూడొద్దు' అని దాని అర్థం. రాసింది తనే. గోడౌన్‌లో సరుకుల అరల్ని వీపున మోసుకు తిరిగే రోబోలు మనిషి అడ్డొస్తే టక్కున ఆగాలి. కానీ బల్ల మీద పెట్టి పరీక్షించేటప్పుడు, ఎదురుగా కూర్చున్న తననే చూసి రోబో అడుగడుక్కీ మొరాయించింది. విసుగెత్తి దాన్ని నడిపే లినక్స్ ప్రోగ్రామ్‌లో ఆ వరస ఎక్కించి దారికి తెచ్చుకున్నాడు. పనయ్యాక తీసేయాలి. తీసేయలేదు. పొద్దున్నే అదే ప్రోగ్రామ్‌ని గోడౌన్‌కి పంపేశాడు మహానుభావుడు.

ఇప్పుడు చార్జింగ్‌కి వచ్చిన రోబో వచ్చినట్టే ఆ ప్రోగ్రామ్ ఎక్కించుకుని, కళ్ళుండీ గుడ్డిదై మళ్ళీ జనం మధ్యకి వెళుతోంది. ఆ జనంలో అతని భార్య కూడా ఉంది. అరల మధ్య తిరుగుతూ సరుకు ఏరి పెట్టడం ఆవిడ ఉద్యోగం.

వెంటనే ఆవిడకి ఫోన్ చేశాడు.

"ఎక్కడున్నావ్?"

"ఇంకెక్కడుంటాను, అరల మధ్యే. ఏంటండీ ఆ గొంతు?"

"ఉన్నపళంగా బయటికొచ్చెయ్. కాంటీన్‌లో కూర్చో. ఎవరికీ చెప్పకు."

"ఎందుకో చెప్పరా?"

"రోబోలు మనుషుల్ని చూసి ఆగవు. నావల్లే జరిగింది. పాత ప్రోగ్రామ్ మళ్ళీ పంపుతున్నా. అవన్నీ చార్జింగ్‌కి వచ్చి ఎక్కించుకునేసరికి ఓ గంట పడుతుంది, అంతే."

"గంటా! మరి మిగతావాళ్ళు? మీ గదిలో అన్నిటినీ ఒక్కసారే ఆపే ఎర్ర బటన్ ఉందిగా, నొక్కెయ్యండి!"

"అది నొక్కితే గోడౌనంతా ఆగిపోతుంది. ఎవరు నొక్కారు, ఎందుకు నొక్కారు అని పైదాకా పోతుంది. నా ఉద్యోగం ఊడుతుంది. గోటితో పోయేదానికి గొడ్డలెందుకు?"

"ఇక్కడ నేను గొంతు చించుకున్నా ఈ హోరులో ఎవరికీ వినపడదండీ. పాపం, వాళ్ళకేం తెలుసు?"

"ముందు నువ్వు బయటికి రా!"

ఆవిడ ఫోన్ పెట్టేసింది.

హమ్మయ్య అనుకుని పనిలో పడ్డాడు. కానీ కళ్ళు మాటిమాటికీ గోడ మీది కెమెరా తెర వైపే పోతున్నాయి. ఒక పెద్దాయన వంగి కింది అరలోంచి పెట్టె లాగుతున్నాడు. నిండు బరువుతో ఒక రోబో వెనకనుంచి నేరుగా ఆయన మీదికే వస్తోంది. ఇంజినీరు గట్టిగా కళ్ళు మూసుకున్నాడు. తెరిచేసరికి రోబో దాటిపోయింది. పెద్దాయన నడుం పట్టుకుని, పక్కకి ఎలా తప్పుకున్నాడో తనకే తెలియనట్టు బిత్తరచూపులు చూస్తున్నాడు.

చెయ్యి బటన్ దాకా వెళ్ళింది. 'ఏమీ కాలేదుగా' అని సర్ది చెప్పుకుని వెనక్కి తీసుకున్నాడు.

అంతలో ఫోన్ మోగింది. భార్యతో కలిసి పనిచేసే ప్యాకింగ్ అమ్మాయి.

"బావగారూ, అక్క ఫోన్ నా బల్ల మీద పడేసి లోపలికి పరిగెత్తిందండీ! చివరి అరల వరసలో ఎవరో చెవుల్లో పాటలు పెట్టుకుని ఉన్నాడట, పిలుచుకొస్తానని వెళ్ళింది. ఇంకా రాలేదు. నాకు భయంగా ఉంది!"

ఇంజినీరు తెర దగ్గరికి దూకాడు. చివరి వరస కెమెరా పెట్టాడు. అక్కడ రోబోలే తప్ప మనుషులెవరూ కనిపించలేదు. ఏ అర చాటున ఉందో, ఏ చక్రం కింద ఉందో!

ఇక ఉద్యోగం గుర్తుకు రాలేదు. బటన్ మీది గాజుమూత పిడికిలితో పగలగొట్టి నొక్కేశాడు.

గోడౌనంతా ఒక్కసారిగా చప్పబడింది. రోబోలు ఎక్కడివక్కడ నిలిచిపోయాయి. మైకులో మేనేజర్ గొంతు ఖంగుమంది.

"ఎవరది? ఎవరు నొక్కారు?"

"నేనే సార్! తప్పు నాదే! రోబోలు మనుషుల్ని చూడటం లేదు. అందరినీ బయటికి పంపెయ్యండి. మా ఆవిడ లోపలుంది సార్!"

మెట్లు రెండేసి చొప్పున దూకుతూ దిగాడు. చేతినుంచి రక్తం కారుతున్నా చూసుకోలేదు. ఎదురొస్తున్న జనాన్ని తోసుకుంటూ, భార్యని పిలుచుకుంటూ చివరి వరస దాకా పరిగెత్తాడు. అక్కడ ఎవరూ లేరు. వంగి ప్రతి రోబో కిందా చూశాడు. ఏడుపు ఆగలేదు.

వెనకనుంచి ప్యాకింగ్ అమ్మాయి వచ్చింది. అతని మొహంలోకి చూడలేక తల దించుకుని, కాంటీన్ వైపు చెయ్యి చూపించింది.

భార్య అక్కడ బల్ల మీద కూర్చుని ఉంది. ఒంటి మీద చిన్న గీత కూడా లేదు. అతను పరుగున వెళ్ళి ఆవిడ ముందు నిలబడ్డాడు.

"నువ్వు... లోపలికి వెళ్ళావని..."

"వెళ్ళలేదు. మీరు రమ్మనగానే వచ్చేశాను."

"మరి ఆ అమ్మాయి ఫోన్ చేసి చెప్పిందే!"

"నేనే చెప్పించాను," అంది ఆవిడ, కొంగుతో అతని చేతికి కట్టు కడుతూ. "లోపలున్నది నేను కాకపోతే మీరా బటన్ నొక్కేవారా?"