రెండు ముక్కలు

"నన్ను పిలవగానే నువ్వూ నాతో వేదికెక్కు. రెండు ముక్కలు చెప్తే చాలు," అంది అమ్మ.

ఇల్లు వదిలి వచ్చేసి తన దగ్గర తలదాచుకున్న ఆడపిల్లలందరికీ ఆమె అమ్మే. పత్రికవాళ్లు ఏటా ఇచ్చే సేవా పురస్కారం ఈసారి ఆమెకు వచ్చింది.

"ఏం చెప్పాలమ్మా?"

"నీ మొగుడు గదిలో పెట్టి తాళం వెయ్యడం, నేనొచ్చి విడిపించడం."

"కుట్టుపనికి వెళ్లేచోట ఆ సంగతి ఎవరికీ తెలీదమ్మా. పత్రికలో నా ఫొటో పడితే..."

"పడనీ. తప్పు చేసింది వాడు, నువ్వు కాదుగా!"

"నేను రానంటే మీకు కోపమొస్తుందా?"

"ఛ, కోపమెందుకే? నా బలవంతమేం లేదు. నీ ఇష్టం."

"అయితే చెయ్యి వదలండమ్మా."

అమ్మ కిందికి చూసింది. ఆ పిల్ల మణికట్టు తన పిడికిట్లో ఉంది. ఎప్పుడు పట్టుకుందో తనకే తెలీదు. వేళ్లు తీస్తే ఎర్రగా కందిన చారలు కనిపించాయి.

గది బయట, సభలో చప్పట్లు మొదలయ్యాయి. "ఇక్కడే కూర్చో తల్లీ," అని ఒక్కతే వెళ్లింది.

"మీరు కాపాడిన అమ్మాయి ఏరండీ?" మైకు అందిస్తూ అడిగింది వ్యాఖ్యాత.

అమ్మ మైకు అందుకుంది.

"రానందండీ," అంది.