ఎవరి డ్యూటీ వారిదే

"వచ్చే నెల చూద్దాం," అన్నాడు గంగాధరం, తల ఎత్తకుండానే.

"నాలుగు నెలలుగా అదే మాట చెప్తాండారు సార్," అన్నాడు పెంచలయ్య. "ఊళ్లో మా ఆడమనిషికి పదిహేనో తేదీ కంటి ఆపరేషన్. పక్కన నేనుండాల."

"నువ్వు పోతే ఇక్కడ టీ ఎవడు పెడతాడు?"

ఒమాన్‌లో, అల్ ఖువైర్‌లోని ఆ కంపెనీలో గంగాధరం సిబ్బంది మేనేజరు. పెంచలయ్య టీ కాచే మనిషి. భార్య కన్నుకంటే టీ ముఖ్యమని మేనేజరు తేల్చాక ఇక మాట్లాడేదేముంది? కప్పు పెట్టి వెళ్లబోయాడు.

"ఆగు." గంగాధరం ఒక కాగితం ఊపాడు. కంపెనీ ప్రెసిడెంట్ ఉత్తర్వు. తేదీ 2008 జూన్ 2. సీనియర్ అధికారులకు తలా ఒక డ్యూటీ. లారీలు ఒకరికి, కూలీల క్యాంపులో నీళ్లు ఒకరికి. సెలవులు, అధికారుల సెలవులతో సహా, గంగాధరానికి. చివర ఒక వాక్యం: ఎవరి డ్యూటీ వారే స్వయంగా చేయాలి. ఇంకొకరితో చేయించినవారికి ఉద్యోగం ఉండదు.

గంగాధరం ఆ వాక్యం కూడా చదివాడు. చదివి, సెలవు కాగితాలు పెంచలయ్య చేతిలో పెట్టాడు.

"మొత్తం ఏడు కాగితాలు. కింద సంతకాలు పెట్టేశా. పైన నువ్వు ముద్రలు కొట్టు. పచ్చది సెలవు ఇచ్చినట్టు. ఎర్రది వచ్చే నెల చూద్దామన్నట్టు. నీదానితో సహా ఆరింటికి ఎర్రది, నాదానికి పచ్చది. శనివారం మా బావమరిది గృహప్రవేశం. కొట్టేసి ప్రెసిడెంట్ టేబుల్ మీద పెట్టెయ్."

"నాకు ఇంగ్లీషు రాదు గదా సార్."

"పేర్లు చదవడం వచ్చుగా?"

"అది వచ్చు సార్."

పెంచలయ్య స్టవ్ పక్కన కూర్చుని ఏడు ముద్రలూ కొట్టాడు. గట్టిగా కొట్టాడు.

మర్నాడు పొద్దున ప్రెసిడెంట్ అధికారులందరినీ పిలిచాడు. పెంచలయ్య చిన్న కప్పుల్లో ఖావా, అరబ్బుల కాఫీ, పోస్తున్నాడు. చాలనుకున్నవాళ్లు కప్పు ఊపాలి. ఊపితే పోసేవాడు తీసుకుపోతాడు. ఒమాన్‌లో అది మర్యాద.

"ఈ సెలవు కాగితాలు మీరే చూశారా?" అడిగాడు ప్రెసిడెంట్.

"అక్షరం అక్షరం చూశాను సార్," అన్నాడు గంగాధరం.

"ముద్రలు?"

"నా చేత్తో నేనే వేశాను సార్."

ప్రెసిడెంట్ ముఖం విప్పారింది. మిగతావాళ్ల వైపు తిరిగాడు. "చూడండి. ఆరుగురికి సెలవు ఇచ్చాడు. ఒక్కరిదే ఆపాడు. తనది! అధికారి అంటే ఇలా ఉండాలి."

అందరూ చప్పట్లు కొట్టారు. గంగాధరం నోరు తెరిచాడు. ఉత్తర్వులోని చివరి వాక్యం గుర్తొచ్చి మూసుకున్నాడు. చేతిలో కప్పు వణికింది.

ఊపాడనుకున్నట్టు పెంచలయ్య ఆ కప్పు తీసుకుని, గంగాధరం చెవి దగ్గరికి వంగాడు.

"వచ్చే నెల చూద్దాం సార్."