గుండె ఒక ఊరనుకోండి

డాక్టర్ పట్టాభిరామయ్యగారి తల మీద ఒక్క వెంట్రుక లేదు. ఆయన పరిశోధన మాత్రం కేశనాళికల మీద.

ఈ జోకు ఎవరైనా వేస్తారేమోనని ఆయనే ముందుగా వేసేసుకునేవాడు. "గుండు చివరి కొమ్ము పీకేసి ఎత్వం పెడితే గుండె. దేవుడు నాకు గుండిచ్చాడు, గవర్నమెంటు గుండెనిచ్చింది" అనేవాడు. గుండె కండరంలో వెంట్రుక కన్నా సన్నగా పారే రక్తనాళాలు మూసుకుపోతే మనిషి ఏమవుతాడన్నది ఆయన పని. ప్రయోగశాల ఉప్పల్‌లో. యాస మాత్రం ఇంకా కాకినాడలోనే.

ఇప్పుడు ఆ పరిశోధనకే గుండెపోటు వచ్చింది. ఎలుకల గుండెలు చాలు, మనుషుల్ని పరీక్షించమన్నాడు డైరెక్టరు. ఈ నెలాఖరులోగా పరీక్షకు ఒప్పుకునే జనం దొరక్కపోతే మీ విభాగం మూసేస్తాం, మీరు లైబ్రరీలో పుస్తకాలు దులుపుకోవచ్చన్నాడు. మూసుకుపోయిన వాటి మీద పరిశోధన చేస్తే చివరికి మూసుకునేది తన దుకాణమేనా అని పట్టాభిరామయ్యగారు బెంగపెట్టుకున్నాడు.

జనం కోసం ఉప్పల్‌లో ఒక ఉపన్యాసం పెట్టాడు. 'హృద్ధమనీ సూక్ష్మ రక్తప్రసరణ' అని గోడలకు కాగితాలు అంటించాడు. వాచ్‌మన్ ఒక్కడే వచ్చాడు, అదీ తాళం వేసుకోవడానికి.

"ఆ పేరు చదివేసరికే జనానికి ఊపిరాగిపోయి ఉంటుంది. ఇంక ఉపన్యాసానికేం వస్తారండీ?" అని భార్య మంగతాయారు ఓదార్చింది.

అందుకని ఈసారి నాచారంలో దండోరా వేయించాడు. డప్పు కొట్టే మనిషికి సంగతి తేలిక చేసి చెప్పాడు. చిన్న నాళాలు మూసుకుపోతున్నాయి, సర్కారు నుంచి పెద్దసారు వస్తున్నాడు, బాధ ఉన్నవాళ్లంతా ఆదివారం పంచాయతీ ఆఫీసు దగ్గరికి రావాలి. అతని నోట్లో ళకారం కాస్తా లకారమైపోయింది. పోనిద్దూ, అక్షరం పలక్కపోతేనేం, ఊరు పలికితే చాలు అనుకున్నాడు డాక్టరుగారు.

ఊరు పలికింది. ఆదివారం పంచాయతీ ఆవరణలో కాలు పెట్టే చోటు లేదు. ప్రహరీ గోడ మీద కూడా జనమే. అది చూసి ఆయనకు గుండు మీద చెమట, గుండెలో చెమ్మ.

ఎర్రగీతలు, నీలిగీతలు కొమ్మలేసిన పటం ఒకటి గోడకు తగిలించి మొదలుపెట్టాడు.

"గుండె ఒక ఊరనుకోండి. మీ నాచారమే అనుకోండి. పెద్ద నాళాల సంగతి చూడడానికి పెద్దపెద్దవాళ్లున్నారు. మూసుకుపోయేవి చిన్నవి. వాటిని పట్టించుకునే నాథుడు లేడు."

చప్పట్లు మోగాయి. ఎవరో ఈల కూడా వేశారు. ముందు వరసలోంచి కనకరాజు లేచాడు. పాలవ్యాపారి. బస్తీ తరఫున ఎప్పుడూ మాట్లాడేది అతనే.

"నిజం సార్. పెద్దయి బాగనే ఉన్నయ్. మా బస్తీల చిన్నయే మొత్తం బంద్ అయినయ్."

"ఎంతమందికి?"

"ఎంతమందికి ఏంది సార్, బస్తీ మొత్తానికి."

పట్టాభిరామయ్యగారు జేబులోంచి కలం తీశాడు. లక్షణాలు అడిగాడు. వానాకాలంలో ఎక్కువవుతుందట. పడుకుంటే ఊపిరాడదట. కొందరికి కాళ్లు వాచాయట. అచ్చం పుస్తకంలో ఉన్నట్టే. సత్యవేణి అనే ఆవిడ పటం దగ్గరికి వచ్చి, ఎడమపక్క కిందికొమ్మ మీద వేలు పెట్టి "మాది గీడ సార్" అంది. నొప్పి ఎక్కడో ఇంత కచ్చితంగా చూపించిన రోగిని ఆయన జన్మలో చూడలేదు.

"ఎప్పటినుంచి?" అని అడిగాడు.

"మా నాయిన జమానా నుంచి" అన్నాడు కనకరాజు. "ఆయన ఆఫీసుల చుట్టు తిరిగి తిరిగి సచ్చిపోయిండు గని, బాగయితే కాలే."

అంటే వంశపారంపర్యం కూడా. మనిషిగా ఏడవాల్సిన చోట శాస్త్రవేత్తగా సంబరపడుతున్నందుకు డాక్టరుగారు మనసులోనే తన గుండు మీద తానే ఒక మొట్టికాయ వేసుకున్నాడు. రేపు పొద్దున్నే మిషను పట్టుకుని వస్తానని, ఎక్కడ మూసుకుపోయిందో కనిపెట్టి తీరతానని మాటిచ్చాడు.

"గిట్ల జెప్పిన సారు ఇప్పటిదాంక రాలే" అని కనకరాజు ఆయన మెడలో బంతిపూల దండ వేశాడు.

ఆ సాయంత్రమే డైరెక్టరు ఇంటికి పరుగెత్తాడు. బస్తీ బస్తీకే చిన్న నాళాల జబ్బు, అదీ వానలతో ముదిరేది, ప్రపంచంలో ఇంకెక్కడా లేదని చెప్పాడు. డైరెక్టరు ఆయన చెయ్యి పట్టుకుని ఊపి, ఢిల్లీకి ట్రంకాల్ చేశాడు. పరిశోధన బతికింది. లైబ్రరీ తప్పింది. జబ్బుకు 'పట్టాభి వ్యాధి' అని పేరు పెడతారేమోనని ఇంట్లో అంటే, "నాకది పెళ్లయినప్పటినుంచీ ఉందండీ" అంది మంగతాయారు.

మర్నాడు ఈసీజీ పెట్టెను రిక్షాలో వేసుకుని నాచారం చేరాడు. కనకరాజు పదిమందిని వెంటబెట్టుకుని ఎదురొచ్చాడు. పెట్టె వాళ్లే ఎత్తుకున్నారు. మొదటి గుమ్మం దగ్గరే ఆయన ఆగబోతే, ఇండ్లల్ల తర్వాత చూద్దురు గాని, అన్నిటికన్న ముదిరింది బస్తీ చివర ఉంది, ముందు దాన్ని చూడమన్నారు.

"బాగా ముసలిదా?" అని అడిగాడు జాలిగా.

"నిజాం జమానాది సార్. మా అందరి పానం దాంట్లనే ఉంది."

ఆ ముసలమ్మ ఎంత పుణ్యాత్మురాలో, ఊరంతా ఇలా ప్రాణం పెట్టుకుంది. పట్టాభిరామయ్యగారు ప్యాంటు మోకాళ్లదాకా మడుచుకుని బురదలో నడిచాడు. చివరి ఇల్లు దాటాక కనకరాజు ఆగాడు. డాక్టరుగారు స్టెతస్కోపు చెవులకు తగిలించుకుని, ఆడమనిషి కదా, చల్లటి చెయ్యి తగిలితే ఉలిక్కిపడుతుందని అరచేతులు రుద్దుకుని వెచ్చచేసుకున్నాడు.

అడ్డంగా ఉన్న జనం పక్కకు తప్పుకున్నారు. చెత్తతో నోరు పూడుకుపోయి, బస్తీ మురుగునంతా ఇళ్లలోకి ఎగదన్నుతున్న నాలా ఒకటి ఈసీజీ కోసం ఎదురుచూస్తోంది.