గొర్రె కంపు

నాగవేణి వాళ్ల నాయన ఏడాది దినాలకని పులివెందుల నుంచి జమ్మలమడుగుకు బయల్దేరిన కారు, ముద్దనూరు దాటకముందే గడగడా వణికి నల్లపొగ కక్కింది.

పొద్దున ఇంటి ముందర ఎయిర్ ఫిల్టర్ విప్పి, తుడిచి, బిగించింది ఆమె మొగుడు ఓబులేసే. ఇప్పుడు తిడుతున్నది మాత్రం పెట్రోలు బంకువాణ్ణి.

బానెట్ ఎత్తగానే ముక్కు మూసుకున్నాడు. "థూ! ఏంది ఈ కంపు? మీ నాయన గొర్రెల దొడ్లో కూర్చున్నట్టుండాది."

నాగవేణి పెళ్లయినప్పటి నుంచీ వింటున్న మాటే.

ఫిల్టర్ విప్పితే గాలి గొట్టంలో ఉన్ని గుడ్డ కనబడింది. పొద్దున దుమ్ము పడకుండా తనే కుక్కి, తీయడం మరిచాడు. దాన్ని వేలికొసలతో పీకి ఆమె కాళ్ల దగ్గరికి విసిరాడు.

"ఈ పీడే అడ్డం పడినింది. పెట్టెలో పాత కంబళి ఉంటే ముక్క కోసుకుంటి."

నాయన కంబళి. ఆయన పోయాక ఆమె అడిగి తెచ్చుకున్నది అదొక్కటే.

ఇంజిన్ ఇప్పుడు సాఫీగా తిరిగింది. నాగవేణి ఆ ముక్కను దులిపి, ఒళ్లో పెట్టుకుని వెనక సీట్లో కూర్చుంది.

"ముందుకు రా. కంపు పోయిందిలే."

"పోలా," అంది. "ముందు సీట్లోనే ఉండాది."