రొట్టె వాసన రాని రోజు

“పైకప్పు మీద కూడా వాసన లేదు మామ్మగారూ. మీ కొత్త పొయ్యి పాసైంది,” అంటూ గాలి కాలుష్యం చూసే ఇన్‌స్పెక్టరమ్మ వాంగ్ నిచ్చెన దిగింది.

“పొయ్యి పాసైంది, నేను ఫెయిలయ్యాను,” అంది రొట్టెల దుకాణం దొమితిలా. “ముప్పై ఏళ్లుగా ఈ ఫ్రెస్నో ఊళ్లో మా వీధిని వాసనతోనే పిలుచుకున్నాను. ఇక ఎవరొస్తారే తల్లీ?”

“పాతది చిన్న పొయ్యి, వదిలేశాం. ఇది ఫ్యాక్టరీల్లో వాడే పెద్ద పొయ్యి. పులిసిన పిండి ఆవిరి ఎండలో బండ్ల పొగతో కలిస్తే ఓజోన్ అవుతుంది, ఊపిరితిత్తులు మండుతాయి. అందుకే ఆ ఆవిరిని, దాంతోపాటు వాసననీ, పొగగొట్టంలోనే కాల్చెయ్యాలి.”

“నా రొట్టెకీ లారీకీ ఒకటే చట్టమా? మా అమ్మ వింటే నిన్ను చీపురుతో తరిమేది.”

వాంగ్ నవ్వాపుకుంటూ సంతకం పెట్టింది. సాయంత్రం నాలుగైంది, రోజూ రొట్టెలు దిగే వేళ. మూడొందల తీపి రొట్టెలు సెగలు కక్కుతున్నాయి. దుకాణంలో తోలుకోవడానికి ఈగలు కూడా లేవు. దొమితిలా గుమ్మంలోకొచ్చి వీధి వైపు చూసింది.

అంతలో వీధి మలుపులో జనం కనిపించారు. ముందు రోజూ రొట్టెలు కొనే క్రిస్పిన్ ముసలాయన, చేతిలో వెలిగించిన కొవ్వొత్తి. వెనక నల్ల ముసుగుల్లో ఆడవాళ్లు, చేతుల నిండా చావుకి పెట్టే బంతిపూలు.

“ఎవరు పోయారు?” అంటూ ఎదురెళ్లింది దొమితిలా.

క్రిస్పిన్ ఆమెను పైనుంచి కిందికి చూశాడు. “నువ్వే. నాలుగైనా వాసన రాలేదు. నువ్వు బతికుంటే పొయ్యి ఆరదు కదా అనుకున్నాం.”

“అయితే రొట్టెల కోసం రాలేదా?”

“రొట్టెలు ఎక్కడైనా దొరుకుతాయి. నిన్ను సాగనంపుదామని వచ్చాం. ఉన్నావుగా, ఇంకేం, తలా డజను కట్టు.”

దొమితిలా కళ్లు తుడుచుకుంటూ పకపకా నవ్వింది. “ముందా కొవ్వొత్తి ఆర్పు ముసలోడా. ఈ ఇన్‌స్పెక్టరు పిల్ల దానికీ గొట్టం పెట్టమంటుంది.”