అమ్మ ఉన్న జోను

మనుషుల జ్ఞాపకాలన్నీ అపార్టుమెంటు సెల్లారులోని పెట్టెల్లో భద్రపడి, ఒకే జోనులో ఉన్నవారికి ఒకరివి ఒకరికి అందే కాలమది. జోన్లు విడదీసే తిరుపాలుకు ఆ పూట ఇది తొమ్మిదో ఇల్లు. విడదీయమనేవారే తప్ప కలపమని పిలిచేవారు లేక, అతని వేళ్ళు ఏనాడో అలసిపోయాయి.

"నావేవీ దీనికి అందగూడదన్నా," అంది అక్క చౌడమ్మ.

"అందినా ఏముంటాయి, సణుగుడు తప్ప!" అంది చెల్లెలు హంపమ్మ.

తిరుపాలు సెల్లారులో పెట్టెలను కలిపే స్విచ్చి ముందు చతికిలబడి, ఇద్దరినీ చెరో జోనులో రాశాడు. ఇక మీట నొక్కడమే తరువాయి. అలవాటుగా, ఏ జ్ఞాపకం ఎవరి పెట్టెలోదో చూపే పట్టిక సరిచూసుకుని, చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"హంపమ్మా, మీ యమ్మ పోయేనాటికి నీకెన్నేండ్లు?"

"ఏడాది. అయినా నాకంతా గుర్తుండాది. ఎర్రంచు చీర, జోలపాట, బొరుగుల ఉగ్గాని వాసన..."

"అవన్నీ మీ అక్క పెట్టెలోవి తల్లీ. ఇది నొక్కితే నీకు అమ్మ ఉండదు."

హంపమ్మ అక్కవైపు తిరిగింది.

"అయితే... అమ్మ చంకలో ఎప్పుడూ కనబడే ఆ పాప?"

"నువ్వే," అంది చౌడమ్మ గోడవైపు తిరిగి. "నన్ను దించి నిన్నెత్తుకునింది."

తిరుపాలు చౌడమ్మవైపు చూశాడు.

"అమ్మవి మాత్రం దానికీ కలుపన్నా. తక్కినవి వద్దు," అంది చౌడమ్మ.

"అమ్మవి కలిపితే వాటెంబడి నువ్వూ చెల్లెలి దగ్గరికి పోతావు చౌడమ్మా. చూసిన కండ్లు నీవి, ఏడ్చిన ఏడుపు నీది."

చౌడమ్మ గోడవైపు నుంచి తిరగలేదు.

"పోనీలే," అంది.

అలసిన వేళ్ళతో తిరుపాలు ఆనాటి మొదటి కలయికను రాసి, మీట నొక్కాడు.