అచ్చొచ్చిన వాక్యం

"ఇదేమిటమ్మా, ఈ కొట్టివేత?"

కుప్పం కాలేజీ హాల్లో టేబులుకు అవతల కూర్చున్న బెంగుళూరు కంపెనీ ఆఫీసరు, రేష్మ రెజ్యూమెను ఎత్తి చూపాడు. 'సవాళ్ళున్న వాతావరణంలో పనిచేయడం నా లక్ష్యం' అనే అర్థమొచ్చే ఇంగ్లీషు వాక్యంలో, అచ్చయిన 'ఎట్'ను పెన్నుతో కొట్టేసి పైన 'ఇన్' అని రాసి ఉంది.

"ఆడ 'ఎట్' తప్పు సార్. 'ఇన్' ఉండాల."

"పొద్దుట్నుంచి వచ్చిన మదనపల్లె, పుంగనూరు వాళ్ళందరి కాగితాల్లోనూ అదే వాక్యం, అదే 'ఎట్'. మీ ఒక్కరికే తప్పనిపించిందా?"

"అందరం మదనపల్లెలో మునిచంద్రన్న డీటీపీ సెంటర్లోనే కొట్టిస్తాం సార్. ఆ వాక్యం అచ్చొచ్చిందంట. పెద్దపంజాణి వెంకటేశులని ఒకాయన మొట్టమొదట అది రాయించుకోని పోయి, బెంగుళూర్లో పెద్ద ఉద్యోగం కొట్టినాడంట. ఆ వాక్యముండే ఫ్లాపీకి కుంకుమ బొట్టు గూడా పెట్టుండాడు మునిచంద్రన్న. మార్చన్నా అంటే, 'ఆ మారాజు కంటే నీకెక్కువ తెలుసునా తల్లీ? ఉద్యోగం వద్దా నీకు?' అన్నాడు."

"వద్దా మరి?"

ఈ ఉద్యోగం పోతే రేష్మకు మళ్ళీ సొంతూరు చౌడేపల్లెలో ఆవుల కొట్టమే. అయినా తల దించలేదు.

"కావాల సార్. శానా కావాల. కానీ కింద సంతకం నాది. తప్పని తెలిసినాక ఎట్ల పెడతాను?"

"ఇలాంటి కాగితం తెస్తే నవ్వరూ?"

"బయట నవ్వతానే ఉండారు సార్, చిత్తుకాగితం ఎత్తుకొచ్చిందే అని. నవ్వనీలెండి."

"మరి ఆ వెంకటేశులుకు ఉద్యోగం ఎలా వచ్చిందంటారు?"

"ఆయనకు పని తెలుసు గాబట్టి వచ్చింటాది సార్. 'ఎట్' వల్ల కాదు."

ఆఫీసరు ఆ రెజ్యూమెను దొంతరలో కలపకుండా విడిగా పెట్టాడు. అంతసేపూ పుస్తకంలా మాట్లాడిన మనిషి ఉన్నట్టుండి గొంతు మార్చాడు.

"సోమవారం బెంగుళూరికి వచ్చి పనిలో సేరు పాపా. పోయేటప్పుడు మునిచంద్రకు ఒక మాట సెప్పు. ఆ 'ఎట్' ఎత్తుకోని పోయిన సోటల్లా నన్ను బయటికి తోసినారు. పెన్నుతో కొట్టేసి, నీ మాదిరే 'ఇన్' రాసుకున్నాకనే ఈ వెంకటేశులుకు ఉద్యోగమొచ్చింది!"